నడుం దగ్గరికి లాగే చెయ్యి

ఇవాళ మైపాడు బస్సులో వాడు కనపడినాడు. అదేనే, ఎండుచేపల గంపల మధ్య ఇరుక్కుని ఇస్కూలుకు పోయే మనల్ని గిల్లేవాడు. వాడి భయానికే పిన్నీసులు పట్టుకుని బస్సెక్కేవాళ్ళం, గుర్తుందా?

ఎదురుగా ఎవురూ లేకుండా గాల్లో గుద్దులు గుద్దే ఈ కటాలు ఎందుకు సార్ అని ఆ రోజుల్లోనే ఒకసారి మా కరాటే సారును అడిగినా.

"ఒక చేత్తో గుద్దేటప్పుడు నడుం దగ్గరికి లాగే రెండో చెయ్యి ఉత్తది కాదమ్మా. దాంట్లో ఎదుటోడి మణికట్టు ఉంటాది. మీ నాయన వల తాడు లాగినట్టు లాగు" అన్నాడు.

మర్నాడు వాడు గిల్లంగానే మణికట్టు పట్టి, మెలిపెట్టి, నడుం దాకా లాగినా. వాడి మూతి సీటు కమ్మీకి కొట్టుకుని ముందు పళ్ళు రెండూ రాలినాయి.

ఇవాళ ఆ ముసిలోడు నన్ను గుర్తుపట్టి నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను పోయి ఎదురు సీట్లోనే కూర్చుని, దిగేదాకా పళ్ళన్నీ కనపడేటట్టు నవ్వినా.