చిటికెన వేలి మాట

కుస్తీ బరిలో అతన్ని గండ్రగొడ్డలి అనేవారు. వారమంతా పరుపుల దుకాణంలో కూర్చుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పాత పరుపుల్లోంచి చివికిన స్పాంజి పీకి కొత్తది కూరి దబ్బనంతో కుట్టే మనిషి. ఎవరైనా గట్టిగా బేరమాడితే తల దించుకుని "మీ ఇష్టమండీ" అనేవాడు. ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళకింద బొగ్గు పూసుకుని, నల్ల తోలు పట్టీలు బిగించి, మూతబడిన సినిమా హాల్లో కట్టిన బరిలోకి దిగి, హాలంతటి చేతా తిట్లు తినేవాడు.

తిట్టించుకోవడమే అతని విద్య. రిఫరీ అటు తిరిగితే ఎదుటివాడి కంట్లో వేలు పెట్టేవాడు. ఇటు తిరగ్గానే ఏమీ ఎరగనట్టు చేతులు జోడించేవాడు. "వెనక్కి చూడరా గుడ్డోడా!" అని జనం కుర్చీలెక్కి అరిచేవారు. ఒక ముసలామె ఎప్పుడూ మొదటి వరసలో కూర్చుని, అతను తాళ్ళ దగ్గరికి రాగానే గొడుగుతో పిక్కల మీద బాదేది. ఆట అయ్యాక బయట టీ బడ్డీ దగ్గర ఆమే పలకరించేది.

"గట్టిగా తగిలిందా నాయనా?"

"లేదమ్మా. మీ చేతిలో పస తగ్గింది."

"వచ్చేవారం రా, చెప్తా నీ పని."

అదంతా అబద్ధమని ఆమెకి తెలియదా? అందరికీ తెలుసు. నాలుగు ముక్కలు చదివినవాళ్ళు మాత్రం తామే కనిపెట్టినట్టు "ముందే అనుకుని ఆడతారటగా" అని నవ్వుతారు. నాటకంలో చచ్చినవాడు తెరవెనక టీ తాగుతుంటాడని తెలిసీ ఏడవడం లేదా మనం? బయట దుర్మార్గుడెవడో తేలేసరికి సగం జీవితం అయిపోతుంది. తీరా చూస్తే నవ్వుతూ భుజం మీద చెయ్యేసినవాడే అవుతాడు. బరిలో ఆ బాధ లేదు. దుర్మార్గుడు బొగ్గు పూసుకునే వస్తాడు. అనుమానం లేకుండా, కడుపు నిండా తిట్టొచ్చు. జనం టికెట్టు కొనేది అందుకే.

అతన్ని ఓడించే మంచివాడు సొంత బావమరిది. బరిలో పేరు మెరుపు. ఒకప్పుడు పనీపాటా లేకుండా బలాదూరుగా తిరుగుతుంటే, "మా తమ్ముడికి ఏదో ఒక దారి చూపించండి" అని భార్య పోరు పెడితే, అతనే కుస్తీలు నేర్పే షెడ్డుకి తీసుకెళ్ళి పడటం నేర్పాడు. కొట్టడం తరవాత సంగతి. పడటం రానివాడికి పడెయ్యడం రాదు. వీపంతా ఒక్కసారే ఆనాలి, గడ్డం రొమ్ముకి అదమాలి, ఊపిరి వదిలెయ్యాలి.

"ఎత్తేవాడికి ఒళ్ళు అప్పజెప్పెయ్యాలిరా. బిగుసుకున్నావో, ఇద్దరి నడుములూ విరుగుతాయి."

"వాడు నిజంగానే విసిరేస్తే?"

"విసరడు. విసరడని నమ్మడమే ఈ విద్య."

అన్నిటికంటే చివర చిటికెన వేలి సంగతి చెప్పాడు. పట్టులో ఉండగా ఎదుటివాడి చిటికెన వేలు రెండుసార్లు నొక్కితే, 'నిజంగా తగిలింది, ఆపు' అని. నొక్కగానే అవతలివాడు ఎంత వీరావేశంలో ఉన్నా పట్టు వదిలెయ్యాలి.

"అదీ నాటకంగా నొక్కితే బావా?" అని నవ్వాడు కుర్రాడు.

"ఆ ఒక్కటీ నాటకం కాదు. దాంతో అబద్ధమాడినవాడికి ఇంకెవడూ ఒళ్ళివ్వడు."

ఏళ్ళు గడిచాయి. మెరుపు ఎదిగాడు, పొగరుగా నవ్వడం నేర్చాడు, గోడల మీద బొమ్మయ్యాడు. గండ్రగొడ్డలి వాడి చేతిలో ఓడిపోతూనే ఉన్నాడు, అదీ శ్రద్ధగా. ఒకరోజు టీవీలో కుస్తీలు వేసే పెద్ద కంపెనీ మెరుపుని రమ్మంది. బరిలో ఆడే మనుషుల్లో ఒక కట్టుబాటుంది. వెళ్ళేవాడు ఉండేవాడి చేతిలో ఓడి వెళ్ళాలి. ఇక్కడి జనం దగ్గర సంపాదించిన గొప్పని ఇక్కడే దింపి పోవడమన్నమాట. హాల్లో ఆటలు నడిపే మేనేజరు ఇద్దర్నీ పిలిచి చెప్పాడు: "చివరి ఆట గొడ్డలిది." మెరుపు వంగి బావ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

ఫలితం ఇంట్లో చెప్పకూడదన్నదీ కట్టుబాటే. అది మాత్రం గండ్రగొడ్డలి తప్పాడు. భార్య ఎన్నడూ ఆటకి రాలేదు. "మీలో ఎవరు ఎవర్ని కొట్టినా తగిలేది నాకే" అనేది. ఆమె దగ్గరికి అతనెప్పుడూ ఓడిపోయే వచ్చాడు. రిఫరీ తన చెయ్యి పైకెత్తి పట్టుకుంటే, అది ఆమె ఒక్కసారి చూస్తే చాలనిపించింది. ఆమె బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఈ ఆదివారం రాకూడదూ?"

"ఏముంది కొత్తగా?"

"నేను గెలుస్తున్నా." చెప్పేసి, పెళ్ళిచూపుల్లో కుర్రాడిలా గోడకేసి చూశాడు.

ఆమె చేతిలో చొక్కా కాసేపు అలాగే ఉండిపోయింది. "అలాగే, వస్తాలెండి" అంది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. భార్య మూడో వరసలో ఉంది. గండ్రగొడ్డలి ఆ రోజు ఎన్నడూ లేనంత దుర్మార్గంగా ఆడాడు. గొడుగు ముసలామెకి నాలుక చూపించాడు, రిఫరీ బెల్టు లాగాడు, మెరుపు జుట్టు పట్టుకుని బరంతా తిప్పాడు. జనం శాపనార్థాలు పెట్టారు. ఇక చివరి పట్టు. మెరుపుని భుజాల మీదికెత్తాడు. అలాగే వెనక్కి పడేసి, పైన పడుకుని, మూడు లెక్కించేదాకా అదిమితే అయిపోయినట్టే.

అప్పుడు మెరుపు వేళ్ళు అతని చిటికెన వేలిని నొక్కాయి. రెండుసార్లు.

గెలుపూ మర్చిపోయాడు, జనాన్నీ మర్చిపోయాడు. పసిబిడ్డని దింపినట్టు నెమ్మదిగా దింపి, మీదికి వంగాడు. "ఎక్కడరా? మెడేనా?" అన్నాడు పెదవులు కదపకుండా. మెరుపు అతని మెడ చుట్టూ చెయ్యేసి ఒక్క గుంజు గుంజాడు. గండ్రగొడ్డలి వెల్లకిలా పడ్డాడు. సర్దుకునే లోపే ఎడం భుజం కింద కలుక్కుమంది. రొమ్ము మీద వాడి బరువు, నాటకపు బరువు కాదు, అసలు బరువు. రిఫరీ చెయ్యి అప్పటికే నేల మీద టపటపా పడుతోంది. అంత తొందరగా లెక్కపెట్టడం అతనెప్పుడూ వినలేదు. అంటే రిఫరీకీ తెలుసు.

హాలు పైకప్పు ఎగిరిపోయినంత పని అయింది. ముసలామె సంతోషం పట్టలేక గొడుగు గాల్లోకి విసిరేసింది. అతను మూడో వరసకేసి చూశాడు. అందరితోపాటు భార్యా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

బట్టలు మార్చుకునే గదిలో మెరుపు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు.

"కోపమా బావా? ఓడినవాడు మాకొద్దన్నారు టీవీవాళ్ళు. మేనేజరు కూడా ఒప్పుకున్నాడు."

"నాతో ఎవరూ అనలేదే."

"చెబితే నీ మొహంలో తెలిసిపోయేది. వాళ్ళ మనిషి వెనక నిలబడి చూస్తున్నాడు. అబ్బ, ఆ క్షణంలో నీ మొహం! ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు బావా నువ్వు."

"అడిగుంటే ఓడిపోయేవాణ్ణి కదరా. నాకొచ్చిన పనే అది. వేలెందుకు నొక్కావు?"

మెరుపు తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "ఇంకెలా వదుల్తావు మరి?" అని, ఫొటో తీస్తారట, పిలుస్తున్నారని వెళ్ళిపోయాడు.

దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాడు. భార్య అప్పటికే వచ్చి నూనె వేడిచేస్తోంది. "ఎడం భుజం కదూ? చొక్కా విప్పండి" అంది. విప్పి పీట మీద కూర్చున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

ఆమె నూనె గిన్నెలో వేలు ముంచి వేడి చూసింది.

"వాడొచ్చి చెప్పాడు."

"ఎప్పుడు?"

"మీరు నాకు చెప్పడానికి ముందే."

తలుపు దగ్గర నిలబడి 'నేను గెలుస్తున్నా' అన్నప్పుడు తన మొహం ఎలా ఉండి ఉంటుందో అతనికి ఇప్పుడు తెలిసింది. పరుగెత్తి ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"వాడికి మంచి రోజులొస్తుంటే అడ్డుపడమంటారా? నా తోడబుట్టినవాడు. మీరు మాత్రం పరాయివాళ్ళా, సర్దుకుంటారనుకున్నా. అయినా అదంతా నాటకమేగా అండీ, ఎవరు గెలిస్తే ఏం?"

ఆ మాట అతను చాలామంది నోట విన్నాడు. విని నవ్వి ఊరుకున్నాడు. ఈసారి నవ్వు రాలేదు.

"ఇటు తిరగండి, చల్లారిపోతోంది." ఆమె అరచేతిలో నూనె పోసుకుని చెయ్యి చాపింది.

అతను తిరగలేదు. గిన్నె తన దగ్గరికి లాక్కున్నాడు. కుడిచెయ్యి నూనెలో ముంచి, మెడ మీదుగా వీపు వెనక్కి పోనిచ్చాడు. నొప్పి రెక్క ఎముక కింద ఉంది. అక్కడికి చెయ్యి అందలేదు. మోచెయ్యి పైకెత్తి మళ్ళీ చూశాడు, అప్పుడూ అందలేదు. నూనె ముంజేతి మీదుగా కారి నేల మీద పడుతోంది. ఆమె అరచెయ్యి అలాగే చాపుకుని కూర్చుంది. అతను మూడోసారి చెయ్యి వెనక్కి పెట్టాడు.