సావిత్రి చూసి రమ్మన్న కొండ

జపాన్‌కి మేమిద్దరం వెళ్ళాలి. నేనొక్కణ్ణే వెళ్ళాను. మధ్యలో ఒక్క అక్షరం అడ్డం పడింది.

బరంపురం గేట్ బజార్లో మాది అప్పడాలు, వడియాల హోల్‌సేల్ దుకాణం. యాభై దాటాక నాకు చదువు పిచ్చి పట్టి, ఊళ్ళోనే ఒక కాలేజీలో సాయంకాలపు మేనేజ్‌మెంట్ కోర్సులో చేరాను. నా పిల్లల వయసువాళ్ళు నన్ను ఒడియాలో 'మౌసా', అంటే బాబాయ్, అని పిలుస్తూ పరీక్షల్లో నా వెనక కూర్చునేవారు. నాది చూసి రాసినవాళ్ళందరూ తప్పారు, అది వేరే సంగతి. ఆ కోర్సులో భాగంగా, అక్కడి వ్యాపారాలు చూసి రావడానికి జపాన్ ప్రయాణం పెట్టారు. ఇంట్లోవాళ్ళని ఒకరిని వెంట తెచ్చుకోవచ్చన్నారు.

ఆ మాట వినగానే మా ఆవిడ సావిత్రి కలుపుతున్న అప్పడాల పిండి అలాగే వదిలేసి, చేతులు కూడా కడుక్కోకుండా దుకాణంలోకి వచ్చేసింది. దిగపహండిలో వాళ్ళ నాన్న కిరాణా కొట్టులో ఏ సంవత్సరానిదో తెలియని క్యాలెండరు ఒకటి ఉండేదట. తేదీల కాగితాలు చిరిగిపోయి బొమ్మ ఒక్కటే మిగిలింది. నెత్తిన మంచు పెట్టుకున్న ఫ్యూజీ కొండ. దాని కింద కూర్చుని పొట్లాలు కడుతూ పెరిగిన మనిషి. పెళ్ళయిన కొత్తలో "ఏ ఊరు చూడాలనుందే?" అని అడిగితే పూరీ అంటుందనుకున్నాను. ఫ్యూజీ అంది.

కానీ ఆమె చదివింది ఒడియా బడిలో. ఒడియా నోట్లో మన 'వ' నిలవదు, 'బ' అయిపోతుంది. కాబట్టి సర్టిఫికెట్లో సాబిత్రి. ఆధార్ కార్డులో మాత్రం ఎవరో తెలుగాయన శ్రద్ధగా సావిత్రి అని కొట్టాడు. పాస్‌పోర్టు ఆఫీసులో ఈ ఇద్దరూ ఒకరేనని తేలేలోపు మా విమానం వెళ్ళిపోయే వేళయింది. నా పేరు వెంకటేశం. పుట్టినప్పటి నుంచీ అన్ని కాగితాల్లోనూ బెంకటేశాన్నే. తప్పు అంతటా ఒకేలా ఉండబట్టి నా పాస్‌పోర్టు చక్కగా ఇంటికొచ్చింది. మీలో ఎవరైనా జపాన్ వెళ్ళదలిస్తే, ముందు మీ వ, బలు చూసుకోండి.

నేనూ మానేస్తానన్నాను. సావిత్రి ఒప్పుకోలేదు.

"ఇద్దరికీ మీ కళ్ళు సాలు. నోరు మాత్రం మీది వద్దు. ఆ కొండ ఎలాగుంటే అలాగే సెప్పాల. ఫోన్లో కాదు, ఎదురుగా కూకుని సెప్పాల."

నా నోటి మీద ఆమెకున్న అనుమానం ఉత్తది కాదు. చిలిక సరస్సులో నేను పట్టిన చేప ముళ్ళతో మా పెరటికి కంచె కట్టించానని నమ్మినవాళ్ళు గేట్ బజార్లో ఇప్పటికీ ఉన్నారు. మేము చేప ముట్టం.

పొద్దున్న రైలుకి బరంపురంలో ఎక్కి భువనేశ్వర్‌లో దిగాం. అక్కణ్ణించి ఢిల్లీ, ఢిల్లీ నుంచి టోక్యో. విమానంలో పక్క సీటు పెద్దమనిషి హిందీలో నా వ్యాపారమేమిటని అడిగాడు. "ఎగిరే సరుకు" అన్నాను. మేడమీద ఎండబెట్టిన మా అప్పడాలు గాలికి లేచి గోపాల్‌పూర్ సముద్రం దాకా వెళ్ళాయనీ, ఓడవాళ్ళు వాటిని కొంగలనుకున్నారనీ చెప్పాను. ఆయన టోక్యో వచ్చేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

టోక్యోలో మాకు తోడుగా వచ్చినావిడ పేరు తనాకా. నా వయసే ఉంటుంది. ఇంగ్లీషు బాగా మాట్లాడతారు గానీ మాట తట్టనప్పుడల్లా "ఏటో..." అంటారు. జపాను భాషలో అది మన "అదీ..." లాంటి సాగతీత. నాకేం తెలుసు? మొదటిరోజు లిఫ్టు దగ్గర ఆవిడ "ఏటో..." అనగానే, "ఏటమ్మా, ఏటైంది?" అని మన మాటలోనే అడిగేశాను. ఆవిడ నావైపు కంగారుగా చూసి మళ్ళీ "ఏటో..." అన్నారు. "అదేనమ్మా, ఏటి?" అన్నాను. మా క్లాసు పిల్లలు లిఫ్టులో పడీ పడీ నవ్వారు.

ఆ తరవాత ఎక్కడ చూసినా అదే మాట. కొట్లో చిల్లర వెతుక్కునే అమ్మాయి, రైల్లో దారి అడిగిన ముసలాయన, అందరూ "ఏటో..." అనేవాళ్ళే. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మరిచిపోయి వంటింట్లో సావిత్రి 'ఏటో...' అంటూ తడుముకున్నట్టే ఉండేది. విన్నప్పుడల్లా తల అటు తిరిగేది. ఊరంతా మా ఆవిడ మాటే మాట్లాడుతోంది, ఆవిడ ఒక్కతే లేదు.

రెండు ఫ్యాక్టరీలు చూపించారు. నేల మీద గీసిన గీత దాటి ఒక్క డబ్బా కూడా లేదు. శాకాహారులు వెళ్తే తిండికి జాగ్రత్త పడాలి. అన్నం ముద్ద అని ఆశగా కొరికితే లోపల చేప ఎదురవుతుంది. రేగుపండు ఊరగాయ పెట్టినట్టు పుల్లగా ఉండే ముద్ద ఒకటి దొరుకుతుంది, అది అడగండి. నేను దాని మీదే బతికాను.

క్యోటో వెళ్ళే బుల్లెట్ రైల్లో కుడివైపు కిటికీ సీటు అడిగి తీసుకోండి. ఫ్యూజీ అటే. ఆ సీటు కోసం నేను మమ్మల్ని తీసుకొచ్చిన మా కాలేజీ మహాపాత్రో సారుకి నడుం నొప్పి ఉందని అబద్ధం చెప్పాను. బయల్దేరి ముప్పావుగంట అయ్యాక తనాకా గారు లేచి కిటికీ వైపు వేలు చూపించారు.

"ఏటో... అక్కడ" అన్నారు.

అక్కడ తెల్లటి మబ్బు. పెట్టెలో అందరూ ఫోన్లు ఎత్తి ఆ మబ్బునే చూశారు. రైలు ఆగలేదు.

క్యోటోలో తాతల నాటి నుంచీ బియ్యప్పిండి అప్పడాలు మాత్రమే చేసే దుకాణానికి తీసుకెళ్ళారు. నేను సంచిలోంచి మా అప్పడం ఒకటి తీసిచ్చాను. దుకాణం ముసలాయన దాన్ని బొగ్గుల మీద కాల్చి, చెవి దగ్గర విరిచి, చప్పుడు విని, అప్పుడు నోట్లో వేసుకున్నాడు. ఎవరు చేశారని అడిగాడు. నా భార్య అన్నాను. ఆవిడ రాలేదేమన్నాడు. నేను వ, బల కథంతా చెప్పాను. తనాకా గారు దాన్ని జపాను భాషలోకి మారుస్తూ మారుస్తూ మధ్యలో ఆగిపోయి నవ్వేశారు.

"మాకూ 'వ' పలకదండీ. ఇక్కడ ఆవిడని 'సాబితొరి' అనే పిలుస్తాం."

పిల్లలతో పాటు నేనూ నవ్వాను. ఆ సాయంత్రం తిండి సహించలేదు.

తిరుగు ప్రయాణంలో ఎడమవైపు కూర్చున్నాను. మళ్ళీ మబ్బే. ఈసారి ఫోటో తీశాను, వట్టి చేతులతో వెళ్ళలేక.

ఢిల్లీ మీదుగా భువనేశ్వర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. స్టేషన్లో సావిత్రి! బరంపురంలో ఆగలేక పులిహోర డబ్బా పట్టుకుని ఎదురొచ్చేసింది. మూడింటి రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాం. బాలుగాంలో ఒకావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. హుమ్మలో ఉప్పుమళ్ళ పనట. చిలిక కనిపించగానే సావిత్రి డబ్బా మూత పెట్టేసింది.

"ఇప్పుడు సెప్పండి. కొండ అగుపడ్డాదా?"

నా నోట్లో మూడు ఫ్యూజీలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి పొద్దుటెండలో, ఒకటి పొగ వదులుతూ, ఒకటి నన్ను చూసి తల వంచుతూ. ఆమె కళ్ళు చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"లేదే. రెండుసార్లూ మబ్బే."

సావిత్రి నా చెయ్యి తట్టింది.

"సూసేరు. నాను రాలేకపోనానని, నాకు కష్టంగా ఉంటాదని దాస్తన్నారు."

"నీ మీదొట్టు. మబ్బు తప్ప ఏటీ లేదు. ఇదిగో, సూడు."

ఫోన్ తీసుకుని ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. కళ్ళజోడు పైకి నెట్టి, దగ్గరగా పెట్టుకుంది.

"ఈ వాలేటి మరి?"

"మబ్బు."

"మబ్బుకి ఇంత తిన్నటి అంచుంటాదా? ఇదిగోమ్మా, నువ్వు సూసి సెప్పు."

హుమ్మ ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"కొండే కదా అక్కా! మా ఉప్పుగుట్ట మీద టార్పాలు కప్పితే అచ్చం ఇలాగే ఉంటాది. నేదంటాడేటి ఈ బాబు?"

"ఆయన మాటకేటి గానీ, సక్కగా అగుపడతంది కదా?"

"బాగా అగుపడతంది."

పక్క సీటువాళ్ళు మెడలు చాచారు. ఫోన్ చేతులు మారింది. ఒకాయన మంచు కూడా ఉందన్నాడు ఒడియాలో. సావిత్రి మొహం క్యాలెండరు కింద కూర్చున్న పిల్ల మొహంలా అయిపోయింది.

జపాన్ మంచి దేశం. శుభ్రంగా ఉంటుంది, రైళ్ళు వేళకి వస్తాయి, మనుషులు నడుం వంచి పలకరిస్తారు. వెళ్ళండి. కుదిరితే ఇద్దరూ వెళ్ళండి.

ఫోన్ చివరికి నా చేతికొచ్చింది. సావిత్రి నా భుజం మీదుగా వంగి, "అదిగో, అక్కడ" అని వేలు పెట్టి చూపిస్తూనే ఉంది. హుమ్మలో ఆవిడ దిగిపోయింది. గంజాం వెళ్ళిపోయింది, ఛత్రపురం దాటింది. ఆ పెట్టెలో అందరూ ఫ్యూజీని చూశారు. వెళ్ళొచ్చినవాణ్ణి, నేనింకా వెతుకుతూనే ఉన్నాను.