తల దగ్గర నిలబడే డాక్టరు

పొద్దున్నే థియేటర్‌లో అడుగు పెట్టగానే మానిటర్ బీప్ బీప్‌మని వినిపిస్తే నాకు ఇప్పటికీ హుషారు పుట్టుకొస్తుంది. రోగి రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ఆ బీప్ స్వరం కూడా దిగుతుంది. తెర వైపు చూడనక్కర్లేదు. అలా వినడం నాకు నేర్పింది రుక్మిణి మేడం. ఎంబీబీఎస్ అయ్యాక నేను డ్యూటీ డాక్టరుగా చేరిన సైదాబాద్‌లోని చిన్న ఆసుపత్రిలో ఆవిడ మత్తు డాక్టరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. చురుకైన జూనియర్ కనబడితే తన బ్రాంచిలోకి లాగేదాకా ఊరుకునేవారు కాదు. ఆవిడ బ్రాంచి ఆవిడకు గొప్ప, కాకిపిల్ల కాకికి ముద్దని నర్సులు నవ్వేవారు.

ఆ ఏడు పీజీ ప్రవేశ పరీక్షలో నాకు మంచి ర్యాంకు వచ్చింది. మాదన్నపేటలో పాల వ్యాపారం చేసే మా ఇంట్లో ఒకటే సంబరం. స్కిన్ సీటే తీసుకోవాలని అందరిదీ ఒకే మాట, నాదీ అదే. మేడం మాత్రం మిఠాయి కూడా అడగకుండా, "రా, ఒక్క కేసుకు నాతోని నిలబడు" అని థియేటర్‌లోకి లాక్కెళ్లారు.

బల్ల మీద ఉస్మాన్‌గంజ్ వ్యాపారి ఒకాయన, పిత్తాశయంలో రాళ్లతో వచ్చి, భయంతో వణుకుతున్నాడు. "మాట్లాడించు" అన్నారు మేడం. ఏం తోచక, "సేట్, మీ దుకాన్ల ఏమేం దొరుకుతయి?" అన్నాను. "మిర్చి, పసుపు, చింతపండు..." అంటూ ధనియాల దాకా వచ్చి, మేడం ఎక్కించిన మత్తుమందుకు కళ్లు మూశాడు. మేడం గాలి సంచి నా చేతికిచ్చారు. నేను నొక్కితే ఆయన ఛాతీ లేచింది! ఒక మనిషి ఊపిరి నా పిడికిట్లో ఉంది. అంత సంతోషం నాకు ర్యాంకు వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఆపరేషన్ అయ్యాక ఆయన కళ్లు తెరిచి, "ఇంకెప్పుడు షురూ చేస్తరమ్మా?" అన్నాడు.

స్కిన్ వద్దు, మత్తు డాక్టరునే అవుతానని ఇంట్లో చెప్పగానే బాపు మండిపడ్డాడు. "గింత మంచి ర్యాంకు పెట్టుకొని సూదిచ్చి పక్కకు నిలబడుతవా? కోసిన డాక్టర్ పేరు యాదుంటది గని, మత్తిచ్చినోల్లను ఎవలు యాద్ చేస్తరు?"

సీటు కోసం ఆన్‌లైన్‌లో ఆప్షన్లు లాక్ చేయడానికి మర్నాటి సాయంత్రమే గడువు. మేడంకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. తెల్లారి మేడం స్కూటీ మీద నేరుగా మా బర్రెల కొట్టం దగ్గర దిగారు.

"అన్నా, బర్రె ఈనేటప్పుడు మీరు యాడ నిలబడతరు?"

"తలకాయ కాడ. నిమురుకుంట, మాట్లాడుకుంట. లేకుంటే బెదురుతది."

"దూడను తీసేది?"

"మా తమ్ముడు."

"మరి బర్రె ఎవల మీద భరోసా పెడ్తది?"

బాపు తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "దీనికి గంత ధైర్యం ఉన్నదా మేడం?"

"ఉన్నదిగాబట్టే గింత దూరం వచ్చిన."

గంతులేయాలనిపించింది. కొట్టం అరుగు మీదే కూర్చుని, ఫోన్‌లో అనస్థీషియాను అన్నిటికంటే పైకి జరిపి, ఎగిరే గుండెతో లాక్ నొక్కాను. బాపు నా భుజం మీదుగా వంగి, "అయిపాయెనా?" అని రెండుసార్లు అడిగాడు.

ఇప్పుడు సీట్ల కాలం వస్తే జూనియర్లు నా దగ్గరికి సలహాకు వస్తారు. నేను ఉపన్యాసం ఇవ్వను. చేయి పట్టుకుని థియేటర్‌లోకి లాక్కెళతాను. బాపు అన్నది నిజమే, నా పేరు ఏ రోగికీ గుర్తుండదు. కానీ కళ్లు మూతపడే ముందు ప్రతి ఒక్కరూ వెతుక్కునేది నా ముఖాన్నే. ఆ చూపు నా మీద పడ్డ ప్రతిసారీ, నేను సరైన చోటే నిలబడ్డానని నా గుండె గట్టిగా కొట్టుకుంటుంది.