అత్తమ్మ చేతిలోని హ్యాండిల్

తొమ్మిదేళ్ళుగా ఒక మాటను మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఇంట్లో చెప్పవలసిన మనిషిని పెట్టుకుని పరాయివాళ్ళకు చెప్పుకోవడం పిరికితనం. అవును, నేను పిరికివాణ్ణే. అది ముందే ఒప్పుకుంటే మిగతాది కాస్త తేలికవుతుందని ఆశ.

బాత్రూంలో మగ్గు జారి కింద పడితే నా గుండె ఆగినంత పనవుతుంది. ఇంట్లో ఎవరు స్నానానికి వెళ్ళినా, వాళ్ళు బయటికి వచ్చేదాకా పేపరులో ఒకే పేజీ పట్టుకుని కూర్చుంటాను. నీళ్ళ చప్పుడు ఆగితే భయం. ఆగకపోయినా భయమే. మా అమ్మాయి నవ్వుతుంది, నాన్నకు చాదస్తం అని. చుట్టాల్లో నాకు జాగ్రత్తపరుడని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా తల దించుకుంటాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.

నాచారంలో ఒక చిన్న ఇంజనీరింగ్ యూనిట్‌లో తయారైన సరుకు నాణ్యత చూడటం నా ఉద్యోగం. పైపుల మీద వేసిన పూత పూర్తిగా ఆరకముందే లారీ ఎక్కిస్తుంటే ఆపి, ఎర్ర చీటీ కట్టి పక్కన పెట్టిస్తాను. పైవాళ్ళు అరిచినా, డ్రైవరు బతిమాలినా వదలను. అలాంటివాణ్ణి నేను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నాకు తెలియక చేశానని మీరు పొరపాటున కూడా అనుకోకూడదు.

చిల్కానగర్‌లో అద్దెకుంటాం. మా ఇంటాయనకు ఒకటే షరతు: టైల్స్‌కు డ్రిల్లు తగలకూడదు. గోడకు మేకు కొట్టినా ఊరుకుంటాడు గానీ టైలు జోలికి వెళితే ఇల్లు ఖాళీ చేయమంటాడు. మాతో పాటు మా అత్తమ్మ ఉండేది. నా భార్య తల్లి, మా నాన్నకు సొంత చెల్లెలు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగిన మనిషి. నా భార్య అసలు పేరు రాయను. సుజాత అనుకోండి.

అత్తమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులు. ఒకసారి బాత్రూంలో కాలు జారబోయి తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. అప్పటినుంచి తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. తలుపుకు గడియ వేయదు. లోపలికి వెళ్ళగానే కుడికాలి బొటనవేలితో నేలను తడిమి చూస్తుంది. ఎడమ చెయ్యి నీళ్ళ డ్రమ్ము అంచు మీద వేస్తుంది. స్టూలు మీద కూర్చునే పోసుకుంటుంది. లేచేటప్పుడు డ్రమ్ము అంచు మీద రెండు చేతులూ ఆనించి, ఆగి ఆగి లేస్తుంది. నీళ్ళతో నిండిన డ్రమ్ము కదలదు కదా. నేను జోక్యం చేసుకోకుండా ఉంటే ఆ పద్ధతి ఆమెను ఇంకా చాలా ఏళ్ళు కాపాడేది. ఈ వాక్యం రాయడానికే నాకు ఇన్నేళ్ళు పట్టింది.

గోడకు పట్టుకునే స్టీలు హ్యాండిల్ పెడతానని నెలనుంచి చెబుతున్నాను. చెప్పడమే, చేసింది లేదు. ఆ ఆదివారం మా బావమరిది భోజనానికి వస్తున్నాడు. తల్లికి అల్లుడు ఏం చేశాడో అతను చూడాలని నాకు ఉబలాటం. డ్రిల్లు కుదరదు కాబట్టి జిగురుతో అంటించే రకం హ్యాండిల్ తెచ్చాను. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి, అంతవరకు బరువు వేయకూడదు అని దాని అట్టపెట్టె మీద రాసి ఉంది. చదివాను. పొద్దున ఏడింటికి అంటించాను. ఎనిమిదింటికి నేనే పక్కకు లాగి చూశాను. కదల్లేదు. చాల్లే అనుకున్నాను. ఫ్యాక్టరీలో ఎవడైనా ఆ మాట అంటే వాడి మొహం మీదే చీటీ కట్టేవాణ్ణి.

ఆ రోజు అత్తమ్మకు తలంటు. సుజాత తల్లికి నూనె పెట్టి, కుంకుడు రసంతో రుద్ది, ఆమెను బయట కూర్చోబెట్టి, బాత్రూం నేలమీద సబ్బుపొడి చల్లి చీపురుతో గరగరా కడిగింది. నేను చూస్తూనే ఉన్నాను. నేల మీద కాలు పెడితే పట్టు దొరికేంత శుభ్రంగా కడిగింది. ఒంటికి నీళ్ళు తనంతట తానే పోసుకోవడం అత్తమ్మకు అలవాటు. సుజాత బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళింది. అత్తమ్మ తలుపు దగ్గర ఆగి, ఆ హ్యాండిల్ చూసి అనుమానంగా అడిగింది, నా బరువు ఆపుతుందా అని. ఏనుగును కట్టేసినా ఊడదు అత్తమ్మా, ఇక ఆ డ్రమ్ము పట్టుకోవడం మానెయ్ అన్నాను. నవ్వుతూ అన్నాను.

చప్పుడు వచ్చింది. ఎలాంటి చప్పుడో రాయలేను.

పరుగెత్తాను. తలుపు తోశాను. అత్తమ్మ పక్కకు ఒరిగి నేలమీద పడి ఉంది. చేతిలో హ్యాండిల్ ఉంది. దాని అడుగున తెల్లటి జిగురు తీగలు సాగుతూ వేలాడుతున్నాయి. ఇప్పుడు మీతో చెబుతున్నాను. నేను ముందు ఆమెను లేపలేదు. ముందు హ్యాండిల్ తీసుకున్నాను. ఆమె వేళ్ళు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. ఒక్కొక్క వేలూ విడదీశాను. దాన్ని గీజరు వెనక దోపి, ఆ తర్వాత సుజాతా అని కేకేశాను. అదంతా ఎంతసేపు? పది లెక్కపెట్టేంత. అంతసేపూ అత్తమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

దవాఖానాలో డాక్టరు ఎట్లా పడిందని అడిగాడు. నేనే ముందు నోరు తెరిచాను. తలంటు పోసుకుంది సార్, కింద నూనె ఉన్నట్టుంది అన్నాను. నూనె అనే మాట నా నోట ఎలా వచ్చింది? ఆలోచించుకునే అన్నానా? అప్పటికప్పుడు దొరికింది పట్టుకున్నానా? ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నా నాకు తేలడం లేదు. సుజాత మాత్రం తల తిప్పి నన్ను కాదు, తన చేతులను చూసుకుంది. నేను కడిగిన గదా బావా, అంది. అని, మళ్ళీ తనే, సరిగ కడగలేదో ఏమో అంది. నేను కాదనలేదు.

తుంటి ఎముక విరిగిందని ఆపరేషన్ అన్నారు. తల్లిని తీసుకొచ్చిన హడావుడిలో సుజాత బాత్రూం గోడ వైపు చూడనే లేదు; బట్టలు తెస్తానని చెప్పి నేను ఇంటికి వచ్చాను. పాత జిగురు బ్లేడుతో గీకి, కొత్త జిగురుతో హ్యాండిల్‌ను మళ్ళీ అదే చోట అంటించాను. ఈసారి ఎవరూ దాని జోలికి రాలేదు, రోజంతా నిదానంగా ఆరింది. మర్నాడు ఇంటికి వచ్చిన సుజాత దాన్ని పట్టుకుని గుంజి చూసింది. రాలేదు. ఇంత గట్టిది పక్కనే ఉన్నా అమ్మను నా నూనె పడేసిందని తలుపుకు ఆనుకుని ఏడ్చింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను. ఓదార్చాను! ఆ చెయ్యి ఇదే, ఇప్పుడు ఇది రాస్తున్న చెయ్యి.

అత్తమ్మ మళ్ళీ లేచి నడవలేదు. ఏడు నెలలు మంచంలోనే ఉంది. ఆ ఏడు నెలలూ నేను ఆమె గదిలోకి వెళ్ళాలంటే వణికాను. ఈ రోజు చెబుతుందా? ఇప్పుడు సుజాతను పిలుస్తుందా? ఫ్యాక్టరీలో ఫోను మోగితే చెప్పేసి ఉంటుందనుకుని చెమటలు పట్టేవి. ఆమె చెప్పలేదు. ఒక మధ్యాహ్నం సుజాత మందులకని బయటికి వెళ్ళింది. గ్లాసుతో నీళ్ళు పట్టాను. రెండు గుక్కలు తాగి నా మణికట్టు పట్టుకుంది.

"పిల్ల రోజూ ఏడుస్తున్నది కొడుకా. నూనె నూనె అని."

"అవునత్తమ్మా."

"నేను చెప్తే నిన్ను ఇడిసిపెడ్తది. నువ్వే చెప్పు. నీ నోటితోని చెప్తే జర కోపమొచ్చినా ఓర్సుకుంటది."

"చెప్త అత్తమ్మా."

"ఎప్పుడు చెప్తవ్?"

"నువ్వు జర కోలుకో. చెప్త."

ఆమె చెయ్యి వదిలేసింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా అడగలేదు. సుజాత మంచం పక్కన కూర్చుని ఏడ్చినప్పుడల్లా నావైపు చూసేది, అంతే. కోపంగా కాదు. రావలసిన బస్సు కోసం చూసినట్టు చూసేది. అలా చూస్తూనే పోయింది. పోయిన రోజు నాకు ఏడుపుతో పాటు ఇంకొకటి కూడా కలిగింది. దాని పేరు రాయడానికి సిగ్గేస్తోంది. ఊపిరి తేలికైంది. ఇక తెలిసినవాళ్ళు ఎవరూ లేరని.

అది ఎంత తప్పు లెక్కో తర్వాత తెలిసింది. ఆమె ఉన్నంతకాలం భయాన్ని ఇద్దరం మోశాం. ఇప్పుడంతా నాదే.

సుజాత ఆనాటినుంచి నూనె సీసా ముట్టదు. తన తలకు రాసుకోదు. మా అమ్మాయి పండక్కి తలంటమని అడిగితే నా చేతులతో వద్దు బిడ్డా అంటుంది. రోజూ పొద్దున బాత్రూం నేలను మూడుసార్లు కడుగుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతితో తడిమి, మళ్ళీ కడుగుతుంది. ఆ చీపురు చప్పుడు వింటూ నేను టీ తాగుతాను. ఆ హ్యాండిల్ మళ్ళీ ఊడి ఇంకెవరినైనా తీసుకుపోతుందని భయపడి, అత్తమ్మ పోయిన నెలకే ఇంటాయనతో గొడవపడి మరీ డ్రిల్లు పెట్టించి స్క్రూలు బిగించాను. ఆయన తిట్టాడు గానీ ఖాళీ చేయించలేదు. అంటే మొదటే గట్టిగా అడిగి ఉంటే? ఈ ప్రశ్న దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయానో.

పోయిన ఆదివారం సుజాత నేల కడిగి లేస్తూ జారింది. పడలేదు. హ్యాండిల్ పట్టుకుని వేలాడి నిలబడింది. నేను వెళ్ళేసరికి ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. మొహం పాలిపోయింది. నావైపు తిరిగి మెల్లగా అడిగింది.

"ఇది పట్టుకుంటే నేను పడలే గద బావా. మరి అమ్మ దీన్ని ఎందుకు పట్టుకోలే?"

ఏం తోచి ఉండదులే అన్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత కూడా అంత చప్పున అబద్ధం దొరికింది నాకు. ఆమె తల ఊపింది. కానీ ఈ వారమంతా ఆ మాటే తిప్పి తిప్పి అడుగుతోంది. అమ్మకు అంత తెలివి, ఎందుకు పట్టుకోలేదో అని. తల్లి నెత్తిన కూడా ఇప్పుడు ఒక తప్పు పడుతోంది. నా అబద్ధం పోయినామెను కూడా వదలడం లేదు.

నాకు క్షమాపణ వద్దు. అడిగే మొహం లేదు. ఇది చదివి మీరు నన్ను ఏమనుకున్నా అది సరైనదే. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఛాతీలోకి గాలి నిండా వెళ్ళింది. సుజాత వంటింట్లో ఉంది. పప్పు తిరగమోత వాసన వస్తోంది. ఈ కాగితం ఆమెకు ఇస్తానో, నోటితో చెబుతానో, మళ్ళీ భయపడి మడిచి జేబులో పెట్టుకుంటానో నాకే తెలియదు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను.

పట్టుకుంది సుజాతా. మీ అమ్మ దాన్ని గట్టిగానే పట్టుకుంది.