చెదలు తిన్న అచ్చు వెంట, ఆండిపట్టి నుంచి కోయంబత్తూరుకు

ఈ ప్రయాణానికి కారణం మా పిల్లలు. నేను కన్నవాళ్ళు కాదు, తణుకు దగ్గర ఐటీఐలో నా దగ్గర ఫిట్టర్ పని నేర్చుకునేవాళ్ళు. "మేడం, గదంత మిషను ప్లాస్టిక్ గింజలు కరిగించి పొర మీద పొర పోసి వస్తువులు చేసేస్తోందంట. ఇంక ఈ ఆకురాయి పట్టుకుని మేం అరచేతులు కాయలు కాయించుకోవడం దేనికి?" అని ఒకడు క్లాసులో అడిగాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ ఆ మిషనును నేనూ చూడలేదు. చూడని దాన్ని తిట్టకూడదు, పొగడకూడదు అని మా నాన్న అనేవాడు. కోయంబత్తూరులో అలాంటి మిషను కట్టుకున్న ఒక షెడ్డు వీడియో దొరికింది. అందులో మాట్లాడే అమ్మాయి కృతిక. మధ్యలో ఎవరినో కసురుకుంటూ అచ్చంగా తెలుగులో తిట్టింది. నాలుగు వందల ఏళ్ళ కిందట అటు వెళ్ళి స్థిరపడిన తెలుగు వాళ్ళ పిల్లట. మూడు నెలలు ఫోన్లో మాట్లాడుకున్నాం. నేను తెలుగులో టైపు చేసి పంపితే ఒక బొటనవేలి బొమ్మ వచ్చేది, ఆ తర్వాత తనే ఫోన్ చేసేది. పాపం తీరిక లేదేమో అనుకున్నాను.

మీరూ వెళ్ళాలనుకుంటే నేరుగా కోయంబత్తూరు పొండి. నేను మాత్రం మదురై మీదుగా చుట్టు తిరిగాను. ఎందుకంటే కృతిక చేతికొచ్చిన కొత్త పని ఆండిపట్టిలో మొదలవుతోంది, అది మొదటి నుంచీ చూడాలని నా పంతం. విజయవాడలో రైలెక్కితే స్లీపర్ ఐదారు వందలు. మదురైలో దిగి, ఆరపాళయం బస్టాండుకు ఆటో వంద రూపాయలు. అక్కడి నుంచి తేని బస్సు ఎక్కితే రెండు గంటల్లోపే ఆండిపట్టి. కిటికీ సీటు దొరికితే ఎడమవైపు కూర్చోవద్దు, ఎండ చెంప మాడుస్తుంది. కండక్టరుకు నా అరకొర తమిళంలో ఊరి పేరు చెప్పాను. "తెలుంగా? మాది కూడా అదేనమ్మా, ఇంటి కాడ" అని చిల్లర వెంటనే ఇచ్చేశాడు. చిల్లర వెంటనే ఇచ్చిన కండక్టరును నేను తణుకులో ఇంతవరకు చూడలేదు.

ఊరి బయట అరటితోటల మధ్య బొమ్మయ్య గారు ఎదురొచ్చారు. అరవై దాటిన రైతు, తెల్లటి మీసం, మోకాళ్ళ పైకి కట్టిన పంచె. "రాండమ్మా, రాండి. అంత దూరం నుంచి మా పంపు చూసేకి వచ్చినారా! పెండ్లికి పిలిచినా రారు జనం!" అన్నారు. ఆ నవ్వు పంపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పన్నెండు కుటుంబాల తోటలకు నీళ్ళెత్తే పాత పంపు అది. నత్తగుల్లలాంటి దాని ఇనుప తొడుగు మూడు ముక్కలై పడి ఉంది. చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. కొత్త పంపు పెట్టాలంటే పునాది, పైపులు అన్నీ మార్చాలి, నెలన్నర పని. అరటి గెల వేసే సమయం. "ఇంకా పన్నెండు దినాలు చూస్తాము టీచరమ్మా. ఆమీట నీళ్ళొచ్చినా గెలకి పట్టదు. పోయిందే పోయిందే" అన్నారాయన. పన్నెండు రోజులు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

అయితే ఆయన ఇంటి అటక మీద ఒక ఆశ ఉంది. పంపు కొన్న రోజుల్లో వాళ్ళ నాన్న కంపెనీ వాళ్ళను బతిమాలి, ఆ తొడుగు పోయడానికి వాడిన చెక్క అచ్చును కూడా తెచ్చిపెట్టుకున్నారట. ఇసుకలో ఈ అచ్చును ఒత్తి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో ఇనుము పోస్తారు. "పంపు పోయినా అచ్చుంటే మళ్ళా పుట్టించుకోవచ్చునని మా నాయన మాట. ఆయుధపూజకి పంపుకొక బొట్టు, అచ్చుకొక బొట్టు" అంటూ బొమ్మయ్య గారు దాన్ని కిందికి దించారు. ముందువైపు టేకు నిగనిగలాడుతోంది, ఏళ్ళ తరబడి పెట్టిన కుంకుమ పొరలతో. తిప్పి చూస్తే వెనకంతా చెదలు! "బొట్టు పెట్టే పక్క మాత్రం చూసినాము. వెనక ఎవురు చూసినారు?" అని ఆయన తల కొట్టుకున్నారు.

పక్కనే నిలబడ్డ ముసలాయన మాత్రం నవ్వాడు. పేరు వరదరాజు, అందరూ తాత అంటారు. కొలతలు చూడమని కృతిక పంపితే ముందే వచ్చి ఉన్నాడు. కోయంబత్తూరులో నలభై ఏళ్ళు చెక్క అచ్చులు చెక్కిన మేస్త్రీ. ఈ అచ్చు చెక్కింది ఆయనే! ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి, ఉలి పట్టలేడు. "చెదలు చెక్క తినింది గానీ నా కొలతలు తినలా" అని స్టీలు స్కేలు తీసి కొలుస్తూ పోయాడు, నేను నోటుబుక్కులో బొమ్మ గీసి దాని మీద అంకెలు రాసుకుంటూ పోయాను. గంటన్నర పట్టింది. చివర్లో ఆయన ఒక్కటే హెచ్చరిక చేశాడు. "ఇనుము ఆరేటప్పుడు ముడుచుకుంటాది, మీటరుకి పది మిల్లీమీటర్లు. అందుకని అచ్చు పెద్దదిగానే చెక్కుతాము. ఇవి అచ్చు కొలతలు. ఇనుము కొలతలు కాదు. పాపకి చెప్పు." సరేనని పేజీ తల మీద అదే మాట తెలుగులో రాసి, కింద రెండు గీతలు గీసి, ఫోటో తీసి కృతికకు పంపాను. బొటనవేలు వచ్చింది. బంధువుల ఇంట్లో ఒక రోజు ఉండి వస్తానని తాత ఆగిపోయాడు.

మర్నాడు తెల్లవారి బస్సెక్కి పళని మీదుగా కోయంబత్తూరు చేరేసరికి ఐదారు గంటలు, రెండు వందల లోపు టికెట్టు. గాంధీపురంలో బస్టాండ్ల చుట్టూ లాడ్జిలు బోలెడు. గది చూడకుండా డబ్బు కట్టకండి, నేను కట్టి ఏడ్చాను. అక్కడి నుంచి ఊరి చివర షెడ్డుకు టౌన్ బస్సు ఉంది. కృతిక గేటు దగ్గరే నిలబడి ఉంది. ముప్ఫై కూడా ఉండవు, నూనె మరకల చొక్కా. "వాంగ అక్కా! తిన్నారా?" అని ముందు పక్క మెస్సుకు లాక్కుపోయింది. వడ్డించే ఆవిడ నా ఆకులో మూడోసారి అన్నం వేసి, చాలంటే వినకుండా "మిషన్ చూసేకి బలం కావాలమ్మా" అంది. ఆ మాట నిజమే.

మిషను లారీ అంత ఉంది. నాలుగు స్తంభాల మీద దూలం, దూలానికి వేలాడే మూతి. పైన డబ్బాలో గాజు పీచు కలిపిన ప్లాస్టిక్ గింజలు పోస్తే, కింద బొటనవేలంత లావు ముద్దగా వస్తాయి. మూతి వెనకే చిన్న రోలరు దాన్ని అణుస్తూ పోతుంది. ఇంత పెద్ద వస్తువు చేసేటప్పుడు అసలు చిక్కు వేడితోనేనట. కింది పొర మరీ వేడిగా ఉంటే పైది కుంగుతుంది, చల్లారిపోతే అతుక్కోదు, మూలలు పైకి లేచి వంకరపోతాయి. కిందటేడు అలా ఎన్నో పాడయ్యాయని కృతిక దాచుకోకుండా చెప్పింది. ఇప్పుడు వేడిని చూసే కెమెరా బిగించింది. కింది పొర వేడిని బట్టి మిషను తన నడక తానే తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది. "పెనం వేడి చూసి దోసె పోసేది లేదా అక్కా, అట్లానే. మన అమ్మలు చేసేదే, నేను మిషన్‌కి నేర్పినాను" అంది. నాకు నచ్చేసింది ఆ పిల్ల. మావాడు అడిగిన ప్రశ్న గుర్తొచ్చి ఆకురాయి సంగతి అడిగితే, మూల చూపించింది. పోసిన తర్వాత పైపైన చెక్కి, నున్నగా అరగదీయాల్సిందే. ఆకురాయిలు వరసగా వేలాడుతున్నాయి. చూశావురా అబ్బాయ్ అనుకున్నాను.

ఆ సాయంత్రం మొదలుపెట్టిన అచ్చు మర్నాటి పొద్దుటికి తయారైంది. పెద్ద నల్లటి నత్తగుల్ల. మేం మురిసిపోతూ ఉండగా తాత బస్సు దిగి నేరుగా వచ్చాడు. చేతిలో ఒక వెదురు బద్ద. పాత అచ్చు పక్కన పెట్టి గీతలు గీసుకొచ్చాడు. కొత్త దాని మీద ఆనించి చూశాడు, మళ్ళీ చూశాడు. "అమ్మిణీ, పెద్దదిగా ఉండాదే ఇది."

"చెక్కేదానికి పక్కకి ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ విడిచినాను తాతా."

"అది తీసేసినా ఇంకా పదకొండు ఎక్కువ."

కృతిక మొహం పాలిపోయింది. నేల మీద కూర్చుండిపోయింది. "నా కెమెరా పద్ధతే తప్పు. మళ్ళా వంగిపోయింది. బొమ్మయ్య మామకి ఏమని చెప్పేది?" గింజలు ఇంకో అచ్చుకు సరిపోవు, మళ్ళీ రావాలంటే వారం. రోజులు అప్పటికే మూడు పోయాయి.

తాత మాత్రం బద్ద తిప్పి తిప్పి అన్ని వైపులా కొలిచాడు. "వంగితే ఒక కాడ ఎక్కువ, ఒక కాడ తక్కువ ఉండాల. ఇది అంతా ఒక్క లెక్కలో పెరిగుండాది. మిషన్ తప్పు కాదు. ముడుచుకునేదానికి నేను ఒకసారి పెంచినా, నువ్వు ఇంకోసారి పెంచినావు."

"ఇనుము కొలతలని అనుకొని నేనే పెంచినా తాతా."

అప్పుడు లేచింది నా నోరు. "అచ్చు కొలతలని రాశాను కదమ్మా! పేజీ తల మీదే రాశాను! కింద రెండు గీతలు కూడా గీశాను! చూడకుండా బొటనవేలు పంపేయడమేనా?" ఐటీఐ గొంతు, షెడ్డంతా మోగింది. ఆ పిల్ల తల దించుకుంది. మెల్లగా అంది. "అక్కా, నాకు తెలుగు చదవను రాదు. ఇంట్లో అంతా తెలుగే, రాసేది చదివేది తమిళ్, ఇంగ్లీషు. మీరు పంపేవన్నీ గీతల మాదిరే ఉంటాయి. అంకెలు తెలుస్తాయి కదా అని అవి మాత్రం ఎత్తుకొన్నా. చెప్పేకి సిగ్గు అక్కా."

నా కోపం అక్కడే చచ్చింది. మూడు నెలల బొటనవేళ్ళన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇంత చక్కగా తెలుగు మాట్లాడే పిల్లకు చదవడం వచ్చా అని ఒక్కసారైనా అడిగానా? ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పిన దాన్ని! పిల్లలకు అర్థమైందో లేదో కనుక్కోకుండా బోర్డు తుడిచేయకూడదని నేనే కొత్త టీచర్లకు చెబుతాను. తప్పు నాదమ్మా అని అక్కడే, తాత ముందే ఒప్పుకున్నాను. చాలా సిగ్గుపడ్డాను.

తాతకు మా క్షమాపణలతో పని లేదు. "గోడ మందం ఎంత?" అన్నాడు. కృతిక రెండు వరసలుగా పోయించింది, నాలుగు సెంటీమీటర్లు. "అయితే కండ ఉండాది. పైనంతా చెక్కేయి. మధ్యకి చూసే ముఖాల కాడ తక్కువ పడతాది, ఆడ పుట్టీ పెట్టి రుద్దుదాం. లోపలి బోలు కోసం ఇసుక దిమ్మ చేసే పెట్టె పోసినావా?" పోయలేదు. అదే మా అదృష్టం. దానికని విడిగా ఉంచిన గింజలతో, సరైన కొలత వేసి ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. తాత వణికే చేత్తో ఎక్కడెక్కడ పుట్టీ పట్టించాలో చూపిస్తూ కూర్చున్నాడు. నేను ఆకురాయి పట్టుకున్నాను. సాయంత్రానికి వెదురు బద్ద గీతలన్నీ సరిపోయాయి. కృతిక లేచి నన్ను గట్టిగా వాటేసుకుంది.

అచ్చు మర్నాడే ఇనుము పోసే ఫౌండ్రీకి వెళ్ళాలి. పంపు తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు తొడుగు మీద ఉబ్బెత్తుగా పోస్తారు. నేను బయల్దేరే ముందు కృతిక నోటుబుక్కు ముందు పెట్టింది. "బాణం పక్కన ఒక మాట పెడతా అక్కా. నీళ్ళు అని పెద్దగా రాయండి." రాశాను. దాని మీద పల్చటి కాగితం పెట్టి వేలు వణకకుండా దిద్దుకుంది, ఒకటికి నాలుగుసార్లు. ఆ అక్షరాలు ఎటు నుంచి మొదలుపెట్టాలో కూడా నన్ను అడిగింది.

ఆ పన్నెండు రోజుల గడువులో పదకొండో రోజు మధ్యాహ్నం, నేను తణుకులో క్లాసులో ఉండగా బొమ్మయ్య గారి వీడియో కాల్. పిల్లలందరూ మూగారు. వెనక పంపు మోత, కాలవలో నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. "టీచరమ్మా, వచ్చేసినాయి! పన్నెండుకి ఒక దినం ముందరే!" అని అరిచారాయన. ఆ తర్వాత కెమెరా తొడుగు దగ్గరికి తెచ్చారు. "ఈ గీతలేమి? పాప మీ దగ్గరే అడగమనింది." నీళ్ళు అని రాసుంది, తెలుగులో, అన్నాను. ఆయన వేలు ఆ ఇనుప అక్షరాల మీద నెమ్మదిగా పోయింది. "ఇన్ని తరాలుగా నోట్లో ఉండేదానికి మొగం ఇట్లుంటాదా!" అన్నారు. ఆయనే మళ్ళీ నవ్వి, కొత్త ప్లాస్టిక్ అచ్చును అటక ఎక్కించామనీ, ఈసారి వెనకపక్క కూడా బొట్టు పెట్టామనీ చెప్పారు.

మిషన్లు మన చేతిపనిని మింగేస్తాయని భయంతో బయల్దేరాను. తిరిగొచ్చేటప్పుడు ఆ భయం లేదు. అంత పెద్ద మిషను పోసిన దాన్ని ఒక వెదురు బద్ద సరిదిద్దింది. ఆ మిషనే లేకపోతే తాత వణికే చేతుల్లో ఉన్న కొలతలు ఎందుకూ కొరగాకుండా పోయేవి. కృతిక ఇప్పుడు నాకు రోజుకొక తెలుగు మాట రాసి పంపుతోంది, వంకరగా, తప్పులతో. నేను బొటనవేలు పంపడం లేదు, ఫోన్ చేసి చదివిస్తున్నాను. అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఏదైనా వస్తువు చేయించుకోవాలని కొలతలు పట్టుకెళ్తే అవి అచ్చువో ఇనుమువో పేజీ తల మీద రాయండి. రాసి ఊరుకోకండి, ఎదురుగా కూర్చోబెట్టుకుని గట్టిగా చదివి వినిపించండి.