ఐదో గడి, యాదగిరన్న

సర్వర్ గది తలుపు తెరవగానే మొహానికి కొట్టే చల్లగాలిలో వేడెక్కిన ప్లాస్టిక్ వాసన కలిసి ఉంటుంది. మాదాపూర్‌లో ఎన్ని ఆఫీసులు మారినా ఆ వాసన మారలేదు. అది తగలగానే నాకు యాదగిరన్న గుర్తొస్తాడు. వెంటనే తల దించుకోవాలనిపిస్తుంది.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజుల్లో కర్నూలు నుంచి వచ్చి ఉద్యోగంలో చేరాను. సర్వర్లు చూసుకునే మా జట్టుకు యాదగిరన్న సీనియర్. సొంత ఊరు నల్లగండ్ల. అక్కడ అపార్టుమెంట్లు లేవకముందు వాళ్ళ నాన్న జొన్నలు వేసేవాడట. నేను చేరిన వారంలోనే నాకు కిరాయికి గది వెతికి పెట్టాడు. "బంద్ నాడు బస్సులు ఉండయి. పరేషాన్ గాకు, నా బండి మీద పోదాం" అన్నాడు. పని కూడా అలాగే నేర్పాడు, విసుక్కోకుండా, కాని వదిలిపెట్టకుండా.

డిస్కులు ఎంత నిండాయో చూసి హెచ్చరిక పంపే స్క్రిప్టు ఒకటి నేను రాశాను. కమాండు కొడితే తెర మీద పట్టిక వస్తుంది. ఐదో గడిలో డిస్కు నిండిన శాతం ఉంటుంది. నా స్క్రిప్టు గుడ్డిగా ఆ ఐదో గడినే తీసుకునేది. యాదగిరన్న చూసి నవ్వాడు.

"గిది మనిషి సూసుకునే పట్టిక తమ్మీ. డిస్కు పేరు పొడుగైతే వరుస ఇరిగి కిందికి దిగుతది. అప్పుడు నీ ఐదో గడిల ఏముంటది? మిషన్ చదివే తీరుగ ఇయ్యమని కమాండునే అడుగు. ప్రతి అంకె పక్కన అదేందో పేరు రాసి ఇస్తది."

"ఇంతవరకు బాగానే నడుస్తా ఉంది కదన్నా" అన్నాను.

"నడిచినన్ని దినాలు నడుస్తది. ఇయ్యాల్నే మార్చు."

సరేనన్నాను. మార్చలేదు. నాలుగు కమాండ్లు వచ్చేసరికి నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

కొన్నాళ్ళకు బంద్ వచ్చింది. యాదగిరన్న ముందే లీవు రాయించుకుని ర్యాలీకి వెళ్ళాడు. ఆ ముందు రోజే ఒక సర్వర్‌కు పొడుగు పేరున్న కొత్త డిస్కు తగిలించారు. పట్టికలో వరుస విరిగింది. ఐదో గడి ఖాళీగా కనబడితే నా స్క్రిప్టు దాన్ని సున్నా అనుకుని నోరు మూసుకుని కూర్చుంది. డిస్కు నిండిపోయి కస్టమర్ పని పూటంతా ఆగిపోయింది. కారణం నాకు పది నిమిషాల్లోనే దొరికింది.

మర్నాడు మీటింగు. యాదగిరన్నను పిలవలేదు. మేనేజరు మా జిల్లా మనిషే. "యాదగిరి హెచ్చరికలు ఆపేసి పోయినాడేమో. ఉద్యమం వాళ్ళను నమ్మేదెట్లా? నీకేమన్నా తెలుసా?" అని నన్నే అడిగాడు.

"తెలీదు సార్" అన్నాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, పోతుందని భయం. అది నిజమే. కాని ఆయన ఏది నమ్మాలనుకుంటున్నాడో నాకు తెలుసు, అది నాకు కలిసొచ్చిందన్నదీ అంతే నిజం. ఆ మధ్యాహ్నమే యాదగిరన్నను సర్వర్ల జోలికి రానివ్వకుండా చేశారు.

సాయంత్రం ఆయన నా పక్కన కూర్చుని, నా తెర మీద స్క్రిప్టు తెరిపించి, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. "నువ్వు ఏ దిక్కోనివని నేనెన్నడు సూడలే. మీటింగ్ల కూసున్నప్పుడు తప్పు దీంట్లనే ఉన్నదని నీకు ఎరుకేనా? గంతే చెప్పు."

నేను కీబోర్డు దగ్గరికి లాక్కుని ఐదో గడి ఉన్న వరుసకు వెళ్ళాను. "సరే తియ్" అని, ఒక్కో వరుసా చెబుతూ నా చేతే ఆ స్క్రిప్టు సరిచేయించాడు. తలుచుకుంటే సరిచేయించకుండా దాన్నే మేనేజరుకు చూపించి బయటపడేవాడే. చూపించలేదు. ఆ నెలలోనే రాజీనామా ఇచ్చి జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. నేను ఒక్కసారైనా ఫోన్ చేయలేదు.

ఇవాళ మా జట్టులోని శ్రావణి నా పాత స్క్రిప్టులు చూసి, "ప్రతి అంకెనూ పేరుతో అడిగి తీసుకునే ఈ పద్ధతి మీకెవరు నేర్పారండి?" అని అడిగింది. యాదగిరన్న గురించి చెప్పాను.

"అంత మంచి మనిషిని కంపెనీ ఎలా వదులుకుందండి?"

"ఇంకా మంచి ఉద్యోగం వస్తే ఆయనే వెళ్ళిపోయాడమ్మా" అన్నాను. ఇప్పుడు నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు ఎవరూ లేరు. అయినా అలాగే చెప్పాను.