చంక కింద వేలెడు సందు

మా అత్తయ్య కుట్టిన చొక్కా ఏదైనా తిరగేసి చూడండి. ఎడమ చంక కింద వేలెడు మేర కుట్టు ఉండదు. మరచిపోయి వదిలింది కాదది. అంచులు రెండూ లోపలికి మడిచి, సన్నగా చేతికుట్టు వేసి మరీ వదులుతుంది. గౌన్లకూ అంతే, కోట్లకూ అంతే.

తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ నేను ఆవిడ పక్కన కూర్చుని గుండీలూ కాజాలూ కుడుతున్నాను. అది పేరుకే. నా అసలు పని ఆ సందులు మూయడం. ఆవిడ అటు లేవగానే సూది తీసి గబగబా కుట్టేస్తాను, లేకపోతే బట్టలన్నీ తిరిగొస్తాయి. ఆవిడకు తెలుసు. ఒక్కనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఒకప్పుడు అత్తయ్య సినిమాలకు రాక్షసులను కుట్టేది. పెద్ద సినిమాలకు కాదు. వేరే గ్రహం నుంచి ఊడిపడ్డ జంతువులూ, మందు వికటించి మనిషంత అయిన బొద్దింకలూ ఊళ్ల మీద పడే చవక సినిమాలు. వాటిలో ఎగిరే పళ్లెం అంటే కుక్కరు మూత. దాన్ని వేలాడదీసిన దారం కూడా తెర మీద కనబడుతుంది. అత్తయ్య పాత పరుపుల స్పాంజీ, గొడుగు గుడ్డా, సైకిలు ట్యూబులూ కలిపి ఒళ్లు తయారుచేసేది. అందులో దూరేది మామయ్య, మా అమ్మకు అన్నయ్య. ఏ గ్రహం వాడి వేషం కట్టినా మోకాళ్లు వంచకుండా కొంగలాగే నడిచేవాడు.

లోపల ఊపిరాడేది కాదని అత్తయ్య చంక కింద గాలికి సందు వదిలేది. రాక్షసుడు చెయ్యెత్తినప్పుడల్లా అందులోంచి మామయ్య గళ్ల చొక్కా కనబడేది. హాల్లో ఈలలు. వీళ్లిద్దరికీ ఆ ఈలలంటే మహా ఇష్టమట.

"నిన్ను గుర్తుపట్టేశారయ్యా" అనేదట ఈవిడ.

"నన్నా? నా చొక్కానా?" అనేవాడట ఆయన.

చివరి సినిమా అప్పుడు నిర్మాత ఇంటికొచ్చి కూర్చున్నాడు. "ఏమ్మా, జనం జడుసుకోవాలని నేను సినిమా తీస్తుంటే, నీ మొగుడి చొక్కా చూసి పగలబడి నవ్వుతున్నారు. ఈసారి సందూ గిందూ ఉండకూడదు" అన్నాడు. అత్తయ్య జంటకుట్టు వేసి మూసేసింది. "పర్లేదులేవే, అందులో కాపురం చేస్తానా ఏమిటి" అన్నాడట మామయ్య.

షూటింగు ఆఖరి రోజున ఆయనను దుప్పటి కప్పి తెచ్చారు. గుండె ఆగిపోయింది అన్నాడు డాక్టరు. ఆ వేషం ఇంటికి రాలేదు, కంపెనీవాళ్లు ఎక్కడో తగలబెట్టారట. ఆ సినిమా ఆవిడ చూడనూ లేదు. చొక్కాలకు సందులు వదలడం మాత్రం అప్పుడే మొదలయింది.

ఆ రోజుల్లోనే, కుట్లు విప్పుకోవడానికి ఆవిడ వాడే సగం బ్లేడు కనబడకుండా పోయింది. మా అమ్మే గోళ్లకని తీసిందని అత్తయ్య నింద వేసింది. అమ్మ ఈనాటికీ గిన్నెలు తోముతూ గొణుగుతుంది: "ఆ బ్లేడు నేను తీయలేదు మొర్రో అంటే వినదే!"

మిషను గదిలో అంతకుముందు సినిమాలోని ఒంటికన్ను రబ్బరు తల ఒకటి మేకుకు వేలాడుతుంటుంది. దాని వాసన ఎన్ని కిటికీలు తెరిచినా పోదు. మిషను ఆగినప్పుడల్లా అత్తయ్య తల పక్కకు వాల్చి వింటుంది. మందపాటి గుడ్డ వెనక నుంచి ఎవరో ఊపిరి లాగుతున్నట్టు ఉంటుందట. నాకూ ఒకటి రెండుసార్లు వినబడింది. వీధిలో గాలి అనుకుని సూదిలో దారం ఎక్కించుకున్నాను.

మొన్న ఒక కళ్లద్దాలాయన వచ్చాడు. చెత్తగా తీసిన పాత సినిమాలు వెతికి పట్టుకుని, పదిమందినీ పోగుచేసి చూపిస్తుంటాడట.

"అమ్మా, మీ రాక్షసులంటే మాకు ప్రాణం. ఆదివారం మధ్యాహ్నం మీ ఆఖరి సినిమా వేస్తున్నాం. తప్పకుండా రావాలి."

"నవ్వుకోవడానికేగా?"

"నవ్వుతామండీ. ఇష్టంతోనే నవ్వుతాం."

"అదొక్కటి తప్ప ఇంకేదైనా వెయ్యండి, వస్తాను" అని అత్తయ్య మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆదివారం అన్నాలయ్యాక చూస్తే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పదవే."

"ఎక్కడికత్తా? రానన్నావుగా?"

"అన్నానులే. ఆ కుట్టు ఎంత గట్టిగా వేశానో చూడాలి. ఆ మనిషిని చంపింది నేనో కాదో తేలిపోవాలి."

ఆ మాట ఆవిడ నోట వినడం నాకదే మొదటిసారి. నేనూ చెప్పులేసుకున్నాను.

మేడ మీద చిన్న హాలు, మడత కుర్చీలు. సినిమా మొదలవగానే వెనక నుంచి కేకలు: "అదిగో దారం! మూత దిగుతోందిరోయ్!" సైంటిస్టు గాజు గొట్టంలో రంగు నీళ్లు పోస్తూ చెయ్యి కాల్చుకున్నాడు, అది నటన కాదు. నాకూ నవ్వొచ్చింది. మంచి సినిమాలో పనిచేసినవాళ్ల జాడ ఎక్కడా దొరకదు. ఇందులో మూల మూలనా ఎవరిదో ఒకరి చెయ్యి కనబడుతూనే ఉంది.

నల్లటి రాక్షసుడు అట్టపెట్టెల ఊళ్లోకి వచ్చాడు. మోకాళ్లు వంచకుండా, కొంగలా. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది.

వాడు ఎడమ చెయ్యెత్తాడు. చంక కింద పసుపు గళ్ల చొక్కా కనబడింది.

హాలంతా ఈలలు. "చొక్కా! చొక్కా!" అని కుర్చీలు బాదుతున్నారు. అత్తయ్య ముందుకు వంగిపోయింది.

"అది నేను వదిలింది కాదు" అంది. "అంచు చూడు. నేనైతే మడుస్తాను. అది కోసిన కోత, దారాలు వేలాడుతున్నాయి. నా జంటకుట్టు మీద బ్లేడు పెట్టాడే ఈ మనిషి!"

"నీకెందుకు చెప్పలేదత్తా?"

"చెబితే ఊరుకుంటానా? కుట్టు పాడుచేశావని వారం తిడతాను." తెర మీద రాక్షసుడు పెట్టెలు తన్నుకుంటూ పోతున్నాడు. "అయితే గాలి ఆడిందన్నమాట" అంది.

ఆ తరువాత అందరితో పాటు నవ్వింది. నా మణికట్టు మాత్రం వదల్లేదు. సినిమా చివర్లో రాక్షసుడు నేల కూలి, గుండెలు ఎగసిపడుతుంటే మళ్లీ ఈలలు వేశారు. అప్పుడు మేమిద్దరం నవ్వలేదు.

ఇంటికి రాగానే అత్తయ్య నేరుగా వంటింట్లోకి వెళ్లింది. "వదినా, ఆ బ్లేడు నువ్వు తీయలేదు."

అమ్మ గరిటె పట్టుకుని అలాగే తిరిగింది. "ఇన్నేళ్లకా తెలిసింది తల్లీ! మరెవరు తీశారట?"

"మీ అన్నయ్యే."

అమ్మ ఇంకేదో అనబోయి, ఆవిడ ముఖం చూసి పొయ్యి ఆపేసింది.

సాయంత్రం అత్తయ్య ఒక చొక్కా ముగించి, మిషను ఆపి, ఎప్పటిలాగే తల పక్కకు వాల్చింది. నేనూ విన్నాను. ఈసారి గాలి అనుకోలేకపోయాను. ఒంటికన్ను తల మేకు మీద కదలకుండా ఉంది.

ఆవిడ లేచి వెళ్లాక చొక్కా తిరగేశాను. సందు ఉంది, అంచులు మడిచి, వేలెడు. సూదిలో దారం ఎక్కించి చాలాసేపు కూర్చున్నాను.

కుట్టలేదు. అలాగే మడతపెట్టి, కుట్టించుకున్నాయనకు ఇచ్చేశాను.